తాతగారి రేకు డబ్బాలోని తపాలా బిళ్ళలు: కోనసీమ తేమలో ఎలా దాచాలి, గోడ మీద పెట్టవచ్చా?

గోదావరిగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది అమలాపురానికి దగ్గరలోని ఒక ఊరు. మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. ఈ వేసవిలో మా నాన్నగారి ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక బిస్కెట్ల రేకు డబ్బా కనిపించింది. నాన్నగారు 1974 నుంచి పదేళ్లకు పైగా మొదట కువైట్‌లోనూ తరువాత దుబాయ్‌లోనూ పనిచేశారు. అక్కడి నుంచి ఆయన రాసిన ఉత్తరాల కవర్ల మీది తపాలా బిళ్ళలను మా అమ్మ కాగితంతో సహా చదరంగా కత్తిరించి ఆ డబ్బాలో వేసి ఉంచింది. మూడు వందలకు పైగా ఉన్నాయి. కత్తిరించకుండా మిగిలిపోయిన కవర్లు ఇరవై దాకా ఉన్నాయి, వాటిలో కొన్నింటిలో ఉత్తరాలు కూడా అలాగే ఉన్నాయి. డబ్బా మూత అంచు తుప్పు పట్టడంతో పైన ఉన్న నాలుగైదు బిళ్ళలకు గోధుమరంగు మరకలు అంటాయి.

అమ్మాయికి వాటి మీద ఎంతో ఇష్టం కలిగింది. పెద్ద తపాలా కార్యాలయంలో కొన్ని కొత్త స్టాంపులు కూడా కొనిచ్చాను. అయితే తెలియక ఒక పొరపాటు చేశాను. ఫొటోలు పెట్టుకునే ఆల్బమ్, అంటే పేజీకి జిగురు గీతలు ఉండి పైన ప్లాస్టిక్ పొర అంటుకునే రకం, కొని అందులో నలభై బిళ్ళల దాకా అతికించాం. నెల తిరగకుండానే వానలు మొదలయ్యాయి, ఇప్పుడు తీయబోతే వెనక కాగితం చిరుగుతోంది.

వీటిని మా ఇంటి తేమలో ఎలా భద్రపరచాలి? కొన్నింటిని లామినేషన్ చేయించి ఫ్రేము కట్టించి హాలులో పెట్టాలని అమ్మాయి అడుగుతోంది, అది మంచిదేనా? మిగిలిన కవర్ల మీది బిళ్ళలను కూడా కత్తిరించి కలిపేయాలా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

పాతకవరు:

అమ్మా, నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉంటాను, నలభై ఏళ్లుగా స్టాంపులు సేకరిస్తున్నాను. సముద్రపు గాలి, ముసురు, గోడల చెమ్మ ఇవన్నీ నాకూ తెలిసిన శత్రువులే కనుక ముందుగా మీ చివరి ప్రశ్నకు సమాధానం చెబుతాను. దయచేసి ఆ ఇరవై కవర్లను కత్తెర తాకనివ్వవద్దు. బిళ్ళను కవరు నుంచి వేరు చేస్తే మిగిలేది ఒక దేశపు స్టాంపు మాత్రమే, అలాంటివి లక్షల్లో ఉంటాయి. కవరుగా ఉన్నప్పుడు ఏ ఊరి నుంచి ఏ తేదీన బయలుదేరింది, ఎంత రుసుము పడింది, మీ ఊరి తపాలా కార్యాలయం వెనకవైపు ఏ తేదీ ముద్ర వేసింది, మీ నాన్నగారి చేతిరాత ఎలా ఉంది అన్నవన్నీ ఒకచోటే ఉంటాయి. అందులోని ఉత్తరాన్ని విడిగా తీసి చదువుకుని, మడత విప్పి వేరే కవరులో దాచండి, ఎందుకంటే లోపల ఉత్తరం ఉన్న కవరు ఉబ్బి, మడతల దగ్గర నలిగి చిరుగుతుంది. ఏ ఉత్తరం ఏ కవరులోదో పెన్సిలుతో ఒక చీటీ మీద రాసి ఉంచండి.

ఇక జిగురు ఆల్బమ్ సంగతి. దాని నుంచి బిళ్ళలను గోటితో లేపవద్దు, వేడి చేయవద్దు. మైనం పూయని పళ్ళ దారం, అంటే మందుల దుకాణంలో దొరికే డెంటల్ ఫ్లాస్, ఒక జానెడు తీసుకుని బిళ్ళకూ పేజీకీ మధ్య రంపంలా మెల్లగా ఆడిస్తే చాలావరకు విడిపోతాయి. అలా విడివడని దాన్ని పేజీతో సహా చుట్టూ కత్తిరించి పక్కన పెట్టండి. ఇవాళ రాకపోతే మరో రోజు మరో పద్ధతి దొరుకుతుంది, కాని చిరిగిన బిళ్ళ మళ్ళీ అతకదు. వెనక జిడ్డు మిగిలితే పిల్లలకు వేసే పౌడరు కొద్దిగా వేలితో అద్ది దులిపితే పక్కవాటికి అంటుకోకుండా ఉంటుంది.

మీరు ఇప్పుడు కొనవలసింది ఆల్బమ్ కాదు, స్టాక్ బుక్. గట్టి పేజీల మీద అడ్డంగా సన్నని పారదర్శక పట్టీలు ఉంటాయి, బిళ్ళను ఆ పట్టీ వెనకకు జార్చడమే తప్ప అతికించడం ఉండదు. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు వారానికొకసారి క్రమం మారుస్తారు. ఒకసారి దేశాల వారీగా, మరోసారి పక్షులన్నీ ఒకచోట, ఇంకోసారి రంగుల వారీగా పెడతారు. మార్చనివ్వాలి, చూపు పెరిగేది అలాగే. స్టాక్ బుక్‌లో ఎన్నిసార్లు మార్చినా బిళ్ళకు ఏమీ కాదు. కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి: ఎదురెదురు పేజీల మధ్య గ్లాసిన్ అనే పలుచని నున్నటి కాగితం ఉండాలి, లేకపోతే పుస్తకం మూసినప్పుడు ఒక పేజీ బిళ్ళ పళ్ళు ఇంకో పేజీ బిళ్ళలో చిక్కుకుంటాయి. రెండోది, పుస్తకం తెరిచి వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటులాంటి ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే తీసుకోకండి.

పట్టకారు తప్పనిసరి. కనుబొమ్మలకు వాడే మొనదేలినది కాకుండా స్టాంపుల కోసమే చేసిన, కొన గుండ్రంగా లేదా పారలా పలుచగా ఉండేది కొనండి. మన చేతికి ఎంత కడిగినా కొంత నూనె, చెమట ఉంటాయి. అవి ఇవాళ కనిపించవు కాని కొన్నేళ్లకు వేలిముద్ర ఆకారంలో పసుపు మచ్చగా తేలుతాయి.

మీ అమ్మగారు కాగితంతో కత్తిరించిన వాటిని నీటిలో విడదీయవచ్చు. వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఒకసారికి పదిహేను ఇరవైకి మించకుండా, బొమ్మ పైకి ఉండేలా వేయండి. పావుగంటలో పాత తుమ్మ బంక మెత్తబడి బిళ్ళ తనంతట తాను కాగితం మీద నుంచి జారడం మీ అమ్మాయి చూస్తుంది. ఆ క్షణం కోసం ఆగాలి, ముందుగా లాగకూడదు. తరువాత ఇంకో పళ్ళెంలోని మంచినీటిలో ఒకసారి ముంచి, వెనక ఇంకా జారుగా ఉంటే బంక పోలేదని అర్థం కనుక మళ్ళీ ఉంచి, చివరకు బొమ్మ కిందికి ఉండేలా అచ్చులేని తెల్ల కాగితం మీద నీడలో ఆరబెట్టండి. వార్తాపత్రిక సిరా అంటుతుంది కనుక వాడవద్దు. ఆరాక వంకరలు తిరుగుతాయి, వాటిని రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి బరువైన నిఘంటువు కింద రెండు రోజులు ఉంచితే చదునవుతాయి. ఎరుపు నీలం అంచులున్న విమాన తపాలా కవర్ల ముక్కలనూ ఊదా సిరా రాత ఉన్న ముక్కలనూ మిగతావాటితో కలపకండి. వాటి రంగు వదిలితే పళ్ళెంలోని అన్నింటికీ పడుతుంది. వాటిని ఒక్కొక్కటిగా చన్నీటిలో వేయాలి, లేదా కాగితంతోనే ఉంచేయాలి. కొత్తగా వచ్చే, వెనక పొర తీసి అతికించే రకం స్టాంపులను అసలు నానబెట్టవద్దు, కాగితం చుట్టూ కొద్దిగా అంచు వదిలి కత్తిరించుకుంటే చాలు. తుప్పు మరకలున్న వాటిని శుభ్రం చేయాలని ఏ మందూ వాడకుండా వేరే గ్లాసిన్ సంచిలో పెట్టండి.

ఒక చిన్న మాట. డబ్బాలో అజ్మాన్, ఫుజైరా, ఉమ్మ్ అల్ కువైన్ పేర్లతో పెద్ద పెద్ద రంగురంగుల బిళ్ళలు కనిపిస్తే అవి 1960ల చివర, 1970ల మొదట్లో ఆ చిన్న రాజ్యాల పేరుతో ఎక్కువగా సేకరణదారుల కోసమే అచ్చయినవి. ఐక్య అరబ్ ఎమిరేట్ల పేరుతో సాధారణ స్టాంపులు 1973 జనవరి 1న వచ్చాయి. కనుక మీ నాన్నగారి దుబాయ్ ఉత్తరాల మీద ఉండేవి ఈ రెండో రకం. రెంటినీ వేరే పేజీలలో పెడితే అమ్మాయికి తేడా తెలుస్తుంది.

అక్షరభద్రం:

నమస్కారం. నేను పాత కాగితాలను భద్రపరిచే విభాగంలో చాలా కాలం పనిచేశాను. పాతకవరు గారు చెప్పిన దానికి తేమ గురించి, సామగ్రి గురించి మాత్రమే కొంత కలుపుతాను.

కాగితానికి సుమారు యాభై శాతం సాపేక్ష తేమ హాయిగా ఉంటుంది. అది అరవై అయిదు దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే బూజు మొలుస్తుంది, వాడని స్టాంపుల వెనక బంక మెత్తబడి పేజీకి అతుక్కుంటుంది. కోనసీమలో ఆషాఢం నుంచి కార్తికం దాకా గాలిలో తేమ దీనికి పైనే ఉంటుంది కనుక గది మొత్తాన్ని పొడిగా ఉంచడం సాధ్యం కాదు, ఒక చిన్న పెట్టెను పొడిగా ఉంచడం సాధ్యమే. వంటింట్లో పప్పులకు వాడే, మూతకు రబ్బరు పట్టీ ఉండి నాలుగువైపులా గొళ్ళాలు బిగుసుకునే పాలీప్రొపిలీన్ డబ్బా ఒకటి పెద్దది కొనండి. అందులో స్టాక్ బుక్‌ను నిలువుగా పెట్టి, పక్కన సిలికా జెల్ సంచులు, తేమ కొలిచే చిన్న మీటరు ఉంచండి. నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారే సిలికా జెల్ తీసుకోండి, నీలం నుంచి గులాబీకి మారే దానిలో కోబాల్టు లవణం ఉంటుంది కనుక పిల్లలున్న ఇంట్లో వద్దు. రంగు మారినప్పుడు వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగన వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. సంచులు బిళ్ళలకు తగలకూడదు. బియ్యం మూట పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, దానికి పురుగు వస్తుంది.

స్టాక్ బుక్‌ను పడుకోబెట్టి దాని మీద మరో నాలుగు పుస్తకాలు పేర్చడం మన ఇళ్లలో అలవాటు. ఆ బరువుకు, తేమకు బంక ఉన్న స్టాంపులు పట్టీలకు అతుక్కుంటాయి. నిలువుగానే ఉంచాలి, మరీ బిగుతుగా కూడా ఇరికించకూడదు. ఇనుప బీరువా మంచిదే, కాని అది స్నానాల గది గోడకు గాని వాన తగిలే పడమటి గోడకు గాని ఆనుకుని ఉండకూడదు. జానెడు ఎడం ఇచ్చి, మధ్య అరలో పెట్టండి. నేల దగ్గరి అరకు చెమ్మ, చెదలు చేరతాయి, అటక మీద వేసవి వేడికి బంక పగుళ్ళు తీస్తుంది.

కలరా ఉండలు, కర్పూరం, ఎండు వేపాకు వీటిలో ఏదీ స్టాంపుల పెట్టెలో వేయవద్దని గట్టిగా చెబుతున్నాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంట్లోని కొన్ని తొలిరోజు కవర్లను, అంటే కొత్త స్టాంపు విడుదలైన రోజునే దాన్ని అతికించి ముద్ర వేసిన కవర్లను, ప్లాస్టిక్ తొడుగులలో పెట్టి, పురుగు పట్టకూడదని నాలుగు కలరా ఉండలు వేసి రెండేళ్ల తరువాత తెరిచాను. ఉండలు తాకిన చోట తొడుగు కరిగి జిగటగా మారి కవరు మీది బొమ్మను పట్టుకుంది. తొడుగు లాగితే రంగు దానితోపాటు వచ్చింది. వేపాకు ఎండినా దాని పసరు కాగితానికి మచ్చ వేస్తుంది. పురుగులను ఆపేది శుభ్రత, మూత బిగువు, పొడితనం. గంజికి, బంకకు ఆశపడి వచ్చే సిల్వర్ ఫిష్ కూడా తేమ లేనిచోట నిలవదు.

ప్లాస్టిక్కులలో పాలిస్టర్, పాలీప్రొపిలీన్ మేలు. పీవీసీ వద్దు, అందులో మెత్తదనం కోసం కలిపిన పదార్థాలు కాలక్రమంలో బయటికి వచ్చి కాగితాన్ని జిడ్డు చేస్తాయి. మీ ఇరవై కవర్లకు ఒక్కొక్కదానికి పాలిస్టర్ తొడుగు, దాని వెనక ఆమ్లరహితమైన పలుచని అట్ట ఉంటే నిలబడతాయి. లామినేషన్ విషయంలో నా సమాధానం ఒక్కటే, చేయించవద్దు. వేడికి కరిగే జిగురు కాగితం పోగుల్లోకి దిగుతుంది, దాన్ని తీయడానికి మార్గం లేదు, ఆ రోజుతో అది స్టాంపు కాకుండా పోతుంది. సెలోటేపు కూడా అంతే, కొన్నేళ్లకు టేపు ఊడిపోయి దాని పసుపు మరక మాత్రం బిళ్ళ మీద ఉండిపోతుంది.

మాఘ, ఫాల్గుణ మాసాలలో గాలి పొడిగా ఉన్న ఒక రోజు చూసి పుస్తకం తెరిచి, ఫ్యాను దూరంగా పెట్టి పేజీలు తిరగేయండి. ఎండలో మాత్రం పెట్టవద్దు. ఊరగాయ ముక్కలకు ఎండ మేలు చేస్తుంది, స్టాంపు రంగులకు చేటు చేస్తుంది.

ఓరుగల్లు సేకరణ:

గోదావరిగట్టు గారూ, మీ అమ్మాయి హాలులో పెట్టాలని అడగడం నాకు చాలా నచ్చింది. దాచినదాన్ని ఎవరూ చూడకపోతే పిల్లలకు ఆసక్తి నిలవదు. అందుకని ప్రదర్శన గురించి రాస్తున్నాను.

పన్నెండేళ్ల క్రితం నేను పన్నెండు స్టాంపులను నల్లటి కాగితం మీద అమర్చి, అద్దం నేరుగా వాటిని అదిమేలా ఫ్రేము కట్టించి పడమటి కిటికీకి ఎదురుగా తగిలించాను. రెండు వేసవులు గడిచాక దించి చూస్తే, ఫ్రేము అంచు కప్పిన చోట గులాబీ రంగు కొత్తదానిలా ఉంది, వెలుగు తగిలిన మిగతా భాగం వెలిసి చామంతి రేకులా పాలిపోయింది. రెండు రంగుల మధ్య గీత గీసినట్టు కనిపించింది. అద్దానికి పట్టిన చెమ్మతో మూడు బిళ్ళలు అద్దానికే అతుక్కున్నాయి. అప్పటి నుంచి నేను గోడ మీద అసలు స్టాంపు పెట్టడం మానేశాను.

దానికి బదులుగా, బిళ్ళను మంచి స్కానరుతో తీసి రెండు మూడు రెట్లు పెద్దది చేసి దళసరి కాగితం మీద అచ్చు వేయించి ఫ్రేము కట్టించండి. గోడ మీద రెండు అంగుళాల బిళ్ళ ఎలాగూ దూరం నుంచి కనబడదు, పెద్ద అచ్చు అయితే తాతగారి కవరు మీది తేదీ ముద్ర కూడా చదవవచ్చు. అసలువాటినే చూపాలంటే పండుగకో పుట్టినరోజుకో కొద్దిరోజులు పెట్టి తిరిగి తీసేయండి. అప్పుడు కూడా అద్దం బిళ్ళను తాకకుండా మధ్యలో కిటికీలా కోసిన ఆమ్లరహిత అట్ట ఉండాలి, ఎండ పడని లోపలి గోడ ఎంచుకోవాలి.

నిజమైన ప్రదర్శన పేజీల మీద జరుగుతుంది. స్టాంపు ప్రదర్శనల చట్రంలో ఏ4 పేజీలు వరుసకు నాలుగు చొప్పున పదహారు పడతాయి. మీ అమ్మాయి కూడా పదహారు పేజీలను లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఆమ్లరహితమైన కొద్దిగా దళసరి కాగితం బొమ్మల సామగ్రి దుకాణంలో దొరుకుతుంది. వాడిన బిళ్ళలను హింజ్ అనే చిన్న మడత కాగితంతో పెట్టవచ్చు. దాని పొట్టి భాగాన్ని కొద్దిగా తడిచేసి పై అంచు పళ్ళకు కొంచెం దిగువన బిళ్ళ వెనక, పొడవు భాగాన్ని పేజీకి అద్దాలి. తీయాల్సి వస్తే పూర్తిగా ఆరాకే తీయాలి. వాడని కొత్త స్టాంపులకు హింజ్ పెడితే వెనక బంక చెడి విలువ తగ్గుతుంది కనుక వాటిని నల్లని వెనకభాగం ఉన్న మౌంటు తొడుగులలో పెట్టండి, నలుపు మీద అంచు పళ్ళు ముత్యాల వరుసలా కనిపిస్తాయి. కవర్లకు నాలుగు మూలలా పారదర్శకమైన మూల తొడుగులు చాలు, కవరుకు జిగురు తగలదు.

ఏ విషయం మీద పేజీలు చేయాలో అమ్మాయినే తేల్చుకోనివ్వండి. తెలుగువారి మీద వచ్చిన స్టాంపులతో మొదలుపెట్టే పిల్లలు ఎక్కువ. త్యాగరాజస్వామి 1961, వేమన 1972, కందుకూరి వీరేశలింగం 1974, అల్లూరి సీతారామరాజు 1986, పొట్టి శ్రీరాములు 2000, పింగళి వెంకయ్య 2009, ఇలా సంవత్సరాల వరుసలో పెట్టుకోవచ్చు. కాని మీ ఇంట్లో అంతకంటే అరుదైన కథ ఉంది. తాతగారు కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్ళడం, అక్కడి నుంచి వచ్చిన ఉత్తరాలు, వాటి దారి. 1923 నుంచి కువైట్‌లో, 1933 నుంచి బహ్రెయిన్‌లో మన దేశపు స్టాంపుల మీదే ఆ పేర్లు అచ్చువేసి వాడిన కాలం ఒకటుంది. అలాంటి ఒక్క బిళ్ళ తరువాత ఎప్పుడైనా సంపాదించి మొదటి పేజీలో పెడితే తాతగారి కవర్లకు ముందుమాటలా ఉంటుంది. పేజీ మీద రాత తక్కువగా ఉండాలి. ఊరు, తేదీ, రుసుము, ఒకటి రెండు వాక్యాలు. రాత పెన్సిలుతోగాని ముందే అచ్చువేసిగాని ఉండాలి, బిళ్ళ పెట్టాక పేజీ మీద పెన్ను పెట్టకూడదు.

ఇంకొకటి. తపాలా శాఖ దగ్గర 200 రూపాయలతో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి. 2017లో మొదలైన దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన కింద స్టాంపులు సేకరించే ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలలో ఎంపికైనవారికి ఏడాదికి 6000 రూపాయల ఉపకారవేతనం ఉంది. మీ అమ్మాయి తరగతికి అది వర్తిస్తుంది, బడిలో అడిగి చూడండి.

గోదావరిగట్టు:

పెద్దలందరికీ ధన్యవాదాలు. పళ్ళ దారం పద్ధతితో జిగురు ఆల్బమ్ నుంచి నలభై ఒకటిలో ముప్పై మూడు బిళ్ళలు చెక్కుచెదరకుండా వచ్చాయి. మిగిలిన ఎనిమిదింటిని పేజీతో కత్తిరించి సంచిలో పెట్టాం. లామినేషన్ మాట మానుకున్నాం. కవర్లను తేదీల వరుసలో పెడుతుంటే 1979 నాటి ఒక కవరు వెనక మా ఊరి ముద్ర కనిపించింది, మా అమ్మ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆవిడను పట్టకారు వాడమని చెప్పడానికి నాకు మనసు రాలేదు, అమ్మాయి మాత్రం చెప్పింది.

ఒక సందేహం మిగిలింది. మా తమ్ముడు 2006లో వచ్చిన గంధపు వాసన స్టాంపు ఒకటి ఇచ్చాడు. 15 రూపాయలది. అమ్మాయి రోజూ వేలితో రుద్ది వాసన చూస్తోంది. దాన్ని మిగతావాటితో కలిపి పెట్టవచ్చా?

పాతకవరు:

కలపవద్దమ్మా. ఆ వాసన బిళ్ళ పైపూతలో ఉంటుంది, రుద్దిన ప్రతిసారీ కొంత పోతుంది, బొమ్మ కూడా అరుగుతుంది. దాన్ని ఒక్కదాన్నే పాలిస్టర్ తొడుగులో పెట్టి, స్టాక్ బుక్‌లో కాకుండా డబ్బాలో వేరే కవరులో ఉంచండి. వీలైతే అదే స్టాంపు ఇంకొకటి, వాడినదైనా సరే, సంపాదించి అమ్మాయికి రుద్దుకోవడానికి ఇవ్వండి. సంచిలో దాచిన ఆ ఎనిమిదింటిని ఈ వానలు వెళ్ళేదాకా కదపకండి, మాఘంలో ఫొటో తీసి ఇక్కడ పెడితే ఒక్కొక్కటీ చూసి చెబుతాను.